ఉభయ కుశలోపరి

వెనకటి ఉత్తరాలు ఎలా మొదలయ్యేవో మీకు గుర్తుందా? పైన కుడిపక్క ఊరు, తేదీ. దాని కింద "చిరంజీవి సౌభాగ్యవతిని ఆశీర్వదించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇచ్చట మేమంతా క్షేమం. అచ్చట మీరంతా క్షేమమని తలుస్తాను." ఇంత తతంగం అయ్యాకే అసలు సంగతి. ఆ అసలు సంగతి ఏదైనా కావచ్చు. పెద్దబావగారు మంచాన పడ్డారనో, పాడిగేదె చచ్చిపోయిందనో, కుదిరిందనుకున్న సంబంధం కాస్తా తప్పిపోయిందనో! అయినా సరే, పైన మాత్రం అంతా క్షేమమే.

మా తాతగారింట్లో పద్నాలుగుమంది ఉండేవారు. మా అమ్మమ్మ నూట రెండు జ్వరంతో మూలుగుతూ పడుకుని, మా చిన్నమామయ్య చేత ఉత్తరం రాయిస్తూ కూడా "ఇచ్చట మేమంతా క్షేమం" అనే చెప్పేది. "నీకు జ్వరం కదే అమ్మా!" అని వాడు కలం ఆపితే, "నా ఒక్కదానికేగా, ఇంటికి కాదుగా! రాయరా" అని కసిరేది.

ఆ "మేమంతా" అనే చిన్నమాట చాటున ఎంతమంది ఒంటరిగా దాక్కోవచ్చో నాకు విడమరిచి చెప్పింది ఏ స్వాములవారో, ఏ వేదాంత గ్రంథమో అనుకునేరు. కానే కాదు. మూడు బ్యాటరీలున్న ఒక ఇనప్పెట్టె! అదైనా మన వీధిలోది కాదు. అమెరికాలో, మా తమ్ముడుండే వీధి మలుపులోది.

నవ్వకండి. నేను తెలుగు, చరిత్ర తీసుకుని బి.ఏ. గట్టెక్కినదాన్ని. ఇంట్లో ఫ్యూజు పోతే టార్చిలైటు పట్టుకుని నిలబడటం వరకే నా విద్యుచ్ఛక్తి పరిజ్ఞానం. నా నవలల్లో హీరో ఇంజనీరైతే అతనేం ఇంజనీరో చెప్పకుండానే ఆఖరి ప్రకరణం దాకా లాక్కొచ్చేస్తాను. అలాంటి నాకు వోల్టుల గోల ఎందుకొచ్చిందంటే, 2025 ఏప్రిల్లో రెండు నెలలు ఉండి వద్దామని తమ్ముడి దగ్గరకి వెళ్ళాను.

అమెరికాలో తమ్ముడున్నాడనగానే "ఏ కంపెనీలో సాఫ్ట్‌వేరండీ?" అని అడుగుతారు మనవాళ్ళు. మావాడిది సాఫ్ట్‌వేరు కాదు. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి దగ్గర్లో ఒక కేబుల్ కంపెనీ ఉద్యోగం. ఊరంతా పాకిన కేబుల్ తీగలకి కరెంటు అందించే పెట్టెలుంటాయిట. వాటి బాగోగులు చూడటం వాడి పని. మా అమ్మ మాత్రం తెనాలిలో అడిగినవాళ్ళందరికీ "మావాడు అక్కడ కరెంటాఫీసులో పెద్దాఫీసరు" అని చెప్పుకుంటుంది. వాడు దిద్దడం మానేశాడు.

పొద్దున్నే నేను నడకకి వెళ్ళే దారిలో, మలుపు దగ్గర గడ్డిలో, నడుమెత్తున లేత గోధుమరంగు పెట్టె ఒకటి ఉండేది. దాని పక్కగా వెళితే సన్నగా 'జుమ్మ్'మని తుమ్మెద నాదం. ఆ దేశంలో పొద్దుటిపూట మనిషి గొంతు వినపడదు కదా, ఆ రొదే నాకు తోడయింది. "ఏవిట్రా అది, రోజూ నన్ను పలకరిస్తోందీ?" అని అడిగితే, "అదే అక్కా నా పెట్టె! అందులో ట్రాన్స్‌ఫార్మరు చేసే చప్పుడది. బుధవారం దానికే కొత్త పరికరం పెడుతున్నాను. దూరంగా నిలబడి చూస్తానంటే రా" అన్నాడు.

పరికరం సంగతికి ముందు, ఆ పెట్టె అక్కడెందుకుందో చెప్పాలి. చెప్పాలంటే ఒక ఇల్లాలి కోరిక దగ్గర మొదలెట్టాలి.

ఆవిడ పేరు గ్రేస్ పార్సన్స్. అమెరికా పడమటి తీరాన, ఆరెగాన్ రాష్ట్రంలో ఆస్టోరియా అనే ఊరు. భర్త ఎడ్ పార్సన్స్ అక్కడ చిన్న రేడియో స్టేషను నడిపేవాడు. 1947లో దంపతులిద్దరూ చికాగో వెళ్ళినప్పుడు ఆవిడ మొదటిసారి టెలివిజన్ చూసింది. మనింటికీ కావాలంది. కావాలంటే ఎలా? దగ్గర్లో స్టేషనే లేదు! 1948 నవంబరులో సియాటిల్‌లో ఒకటి మొదలైంది గానీ అది నూరు మైళ్ళకి పైగా దూరం. పైగా మధ్యలో కొండలు. పాపం ఆయన యాంటెన్నా పట్టుకుని ఊరంతా వెతికి వెతికి, చివరికి తామున్న ఇంటి ఎదురుగా ఉన్న హోటలు కప్పు మీద బొమ్మ దొరుకుతోందని కనిపెట్టాడు. అక్కడ యాంటెన్నా నిలబెట్టి, వీధికి అడ్డంగా తమ ముందుగదిలోకి తీగ లాగాడు. ఇంకేముంది! ఊరి జనమంతా వాళ్ళింట్లోనే. మన ఊళ్ళలో రామాయణం సీరియల్ రోజుల్ని తలుచుకోండి. ఇల్లు ఇల్లులా ఉండాలంటే మిగతావాళ్ళకీ తీగలు లాగక తప్పలేదు. కేబుల్ టీవీకి మేమే పుట్టిల్లంటే మేమేనని చెప్పుకునే ఊళ్ళు పెన్సిల్వేనియాలోనూ ఉన్నాయనుకోండి. నాకు మాత్రం, ఇల్లాలు కోరితే పుట్టిందన్న కథే నచ్చింది.

అయితే తీగలో ఒక చిక్కుంది. దూరం వెళ్ళినకొద్దీ అందులోని సంకేతం నీరసపడుతుంది. పెళ్ళిపందిట్లో వంటశాల నుంచి కేక వేస్తే విడిదింట్లో వినబడదు కదా, మధ్యమధ్య ఒకళ్ళు నిలబడి అదే కేక అందుకోవాలి. అలా అందుకునే వాటిని యాంప్లిఫయర్లంటారు. కేకేసేవాళ్ళకి అన్నం పెట్టొద్దూ? ఆ అన్నమే కరెంటు. వీధిపెట్టెలోని పవర్ సప్లై అనే యంత్రం ఊరి కరెంటు తీసుకుని, దాన్ని అరవయ్యో తొంభయ్యో వోల్టులకి తగ్గించి, కేబుల్ తీగలోకే వదులుతుంది. బొమ్మ, మాట, ఇంటర్నెట్టు, వాటిని మోసేవాళ్ళ భోజనం, అన్నీ ఒకే తీగలో!

మరి ఊళ్ళో కరెంటు పోతే? అందుకే పెట్టె అడుగున మూడు బ్యాటరీలు పెడతారు. ఒక్కోటి పన్నెండు వోల్టులు, ముప్ఫై కిలోల దాకా బరువు. మూడిటినీ గొలుసులా కలిపితే ముప్ఫయ్యారు వోల్టులు. కరెంటు పోయిన క్షణంలో అవి భారం భుజాన వేసుకుంటాయి. బాగున్న బ్యాటరీలైతే రెండు మూడు గంటలు, భారం తక్కువైతే ఇంకాస్తసేపు లాగుతాయి.

"టీవీ రెండు గంటలు రాకపోతే కొంపలు మునుగుతాయా?" అన్నాను నేను.

"టీవీ గురించి ఎవరికి బెంగ అక్కా! ఎదురింటి ముసలావిడ ఫోను కూడా అందులోంచే వస్తుంది" అన్నాడు వాడు.

అప్పుడు నాకు మన పాత నల్లఫోన్లు గుర్తొచ్చాయి. ఊరంతా చీకటైనా అవి మోగేవి. ఎందుకంటే వాటికి కావలసిన నలభయ్యెనిమిది వోల్టులూ టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి రాగితీగలోనే వచ్చేవి. అక్కడ గదినిండా బ్యాటరీలుండేవి. కేబుల్లో వచ్చే ఫోనుకి ఆ భాగ్యం లేదు. ఇంట్లో మోడెమ్‌కీ కరెంటు కావాలి, దారిలో యాంప్లిఫయర్లకీ కావాలి. అందుకే 2015లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఇలాంటి ఫోన్లిచ్చే కంపెనీలు అడిగినవాళ్ళకి ఇంట్లో పెట్టుకునే బ్యాటరీ అమ్మాల్సిందేనని నిబంధన పెట్టింది. మొదట ఎనిమిది గంటలకి సరిపడేది, తరవాత ఇరవైనాలుగు గంటలది. కానీ ఇంట్లో బ్యాటరీ ఎంత భేషుగ్గా ఉంటేనేం, వీధి మలుపులో పెట్టె కన్నుమూస్తే? ఒంటరిగా ఉన్న ఎదురింటావిడ గుండె పట్టుకుని ఫోనెత్తితే పలికేదెవరు?

2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు జార్జియాలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. రోజులతరబడి రాని చోట్లూ ఉన్నాయి. అంతటి పెద్దగాలికి బ్యాటరీలు ఆగవు. జనరేటరు పట్టుకెళ్ళి పెట్టె పక్కన పెట్టాలి. వందల పెట్టెలకి వందల జనరేటర్లుండవు కదా. ఏ పెట్టె ముందు పడిపోబోతోందో తెలిస్తేనే అక్కడికి ముందు పరుగెత్తడం. అది తెలియజెప్పేదే బుధవారం నాటి కొత్త పరికరం. పేరు ట్రాన్స్‌పాండరు. అడిగితే బదులు చెప్పేది అన్నమాట.

బుధవారం వాడు పసుపు చొక్కా, తలకి టోపీ, కళ్ళకి అద్దాలు, చేతికి తొడుగులతో తయారయ్యాడు. తోడు ఇంకో అబ్బాయి. నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని దగ్గరికి పోబోతే, "ఆగక్కా! బంగారు గాజులతో రాకు" అని కేకేశాడు. బ్యాటరీ రెండు కొసలకీ మధ్య లోహపు గాజు ఒకటి అడ్డుపడిందంటే, ఎంత కరెంటు పారుతుందంటే గాజు ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుపోతుందిట. వాడు తన పెళ్ళి ఉంగరం కూడా తీసి జేబులో వేసుకున్నాడు. నేను కాలిబాట మీదే నిలబడ్డాను.

పెట్టె తలుపు తెరిచేముందు వాడు ఆఫీసుకి ఫోన్ చేసి, "ఫలానా పెట్టె దగ్గరున్నాను, తెరుస్తున్నాను" అని చెప్పాడు. ఆ తరవాత జరిగిన పని, నాకు అర్థమైన మటుకు, మీకు చెబుతాను.

ట్రాన్స్‌పాండరు ఎంత అనుకున్నారు? పెద్ద అగ్గిపెట్టెలా, అరచేతిలో పట్టేంత. దాన్ని పవర్ సప్లైలో దానికోసం ఉన్న గాడిలోకి తోశాడు. దాని నుంచి తీగల జడ ఒకటి కిందికి దించి, మూడు బ్యాటరీలకీ విడివిడిగా తగిలించాడు. ఈ 'విడివిడిగా' అన్నమాట గుర్తు పెట్టుకోండి. మధ్య బ్యాటరీ ఒంటికి ఉష్ణం చూసే తీగ అంటించాడు. పిల్లాడి చంకలో థర్మామీటరు పెట్టినట్టే! బ్యాటరీలకి ఎండ మహా శత్రువట. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని వాళ్ళ లెక్క. తలుపుకి చిన్న మీట బిగించాడు, ఎవరైనా తెరిస్తే ఆఫీసులో తెలిసేటట్టు. చివరికి కేబుల్ తీగ కొస ఒకటి తెచ్చి ట్రాన్స్‌పాండరుకి తగిలించాడు. తగిలించేముందు మీటరు పెట్టి సంకేతం ఎంత బలంగా వస్తోందో చూశాడు. మరీ తక్కువైతే దానికి వినపడదు, మరీ ఎక్కువైతే చెవులు గింగురుమని అర్థం కాదుట. నేను అత్తగారింటికి వెళ్ళిన కొత్తలో అచ్చం అలాగే ఉండేది.

తగిలించగానే దాని మీద దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. మనిళ్ళల్లో ఇంటర్నెట్ మోడెమ్‌లాగే ఇదీ ఒక మోడెమే. అదే భాష మాట్లాడుతుంది. 1997లో కేబుల్ కంపెనీలన్నీ కూడబలుక్కుని ఖాయం చేసుకున్న భాష అది, పేరు డాక్సిస్. దీపం నిలకడగా వెలిగిందంటే ఆఫీసు దాన్ని గుర్తుపట్టి తన మందలో కలుపుకున్నట్టు.

దీపం వెలిగింది. "అయిపోయిందా?" అన్నాను.

"ఇప్పుడే అసలు పని" అన్నాడు తమ్ముడు. ప్రతి పరికరానికీ పుట్టుకతో పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటుంటుంది. ఆఫీసు కంప్యూటర్లో ఆ పేరుకి ఎదురుగా ఈ వీధి, ఈ మలుపు, ఈ పెట్టె అని సరిగ్గా రాయాలి. ఒక్క అక్షరం తప్పితే, రేపు అర్ధరాత్రి 'నేను పడిపోతున్నాను' అన్న కేక వస్తుంది గానీ ఎక్కణ్ణుంచో తెలియదు. వాడు తలుపు మూసి, తెరిచి, ఫోన్లో "ఇప్పుడు ఎవరి తలుపు తెరుచుకున్నట్టు కనిపిస్తోంది?" అని అడిగాడు. అవతలివాళ్ళు సరైన వీధి పేరు చెప్పాకే వాడి మొహం తేటపడింది.

అప్పుడు చూశానండీ నేను, ఆ అంకెల్ని. వాడు చేతిలోని చిన్న కంప్యూటరు నావైపు తిప్పాడు. మూడు బ్యాటరీల మొత్తం 40.5 వోల్టులు. ఛార్జరు మీద ఉన్నప్పుడు ఒక్కోటి పదమూడున్నర చూపించాలిట. పదమూడున్నర మూళ్ళు నలభైన్నర. లెక్క సరిపోయింది, మార్కులు నూటికి నూరు! "ఇదివరకు మనిషి ఆర్నెల్లకోసారి వచ్చి మొత్తం కొలిచి, బాగుందని రాసుకుని వెళితే ఇదే అంకె రాసుకునేవాడు. ఇప్పుడు విడివిడిగా చూడు" అన్నాడు.

విడివిడిగా చూస్తే మొదటిది 14.0. రెండోది 13.9. మూడోది 12.6.

మూడోది నీరసించింది. అది తీసుకోలేని వంతు మిగతా రెండూ అవసరానికి మించి తీసుకుంటున్నాయి, అంటే అవీ లోపల్లోపల ఎండిపోతున్నాయి. మొత్తం మాత్రం చెక్కు చెదరలేదు! ఇచ్చట మేమంతా క్షేమం. నాకు మా అమ్మమ్మ గొంతు వినపడింది, నిజంగా.

"ఇదీ చాలదు. ఛార్జరు తగిలించి ఉన్నంతసేపూ అందరూ ఆరోగ్యవంతులే. బరువు మోయిస్తేనే తెలుస్తుంది" అని, ఆఫీసువాళ్ళ చేత పరీక్ష పెట్టించాడు. ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే చాలు, పెట్టె కాసేపు ఊరి కరెంటు వద్దనుకుని బ్యాటరీల మీద నడుస్తుంది. వీధిలో ఎవరికీ తెలియదు, ఎవరి టీవీలోనూ బొమ్మ కదలదు. నేను అంకెలు చూస్తూనే ఉన్నాను. మొదటిది 12.3 దగ్గర నిలబడింది. రెండోది 12.2. మూడోది మెట్లు దిగినట్టు దిగి దిగి 10.1కి వచ్చేసింది. పదిన్నర దిగిందంటే ఇక దానిలో సారం లేనట్టేట. ఆ రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయి ఉంటే, మూడు గంటలు ఆగాల్సిన పెట్టె పది నిమిషాల్లో చేతులెత్తేసేది. గొలుసు కదా, ఒకటి కూలితే మూడూ కూలినట్టే.

మూడిటినీ మార్చేశారు. పాడైంది ఒకటే కదా అంటే, పాతవాటితో కొత్తదాన్ని కలిపితే పొసగదుట. ఉమ్మడి కుటుంబాల సంగతి వీళ్ళకెవరు చెప్పారో!

ఇంకో రెండు సంగతులు చెప్పి మా ఇంటి విషయానికొస్తాను. మొదటిది, ఎంత దిగితే కేకెయ్యాలో ఆ పరికరానికి జాగ్రత్తగా నేర్పాలి. చీటికీ మాటికీ అరిచిందనుకోండి, నాలుగు రోజులు చూసి ఆఫీసువాళ్ళు పట్టించుకోవడం మానేస్తారు. గయ్యాళి అత్తగారి కేకలకి కోడలు అలవాటు పడిపోయినట్టు. రెండోది, ఈ పరికరం ఏ తీగని కనిపెట్టుకుని ఉందో ఆ తీగలోనే కబురంపాలి, ఏ బ్యాటరీలకి కాపలా ఉందో ఆ బ్యాటరీల అన్నమే తినాలి. అవి పోతే దీని నోరూ పడిపోతుంది. అందుకని పడిపోకముందే చెప్పాలి. ఆఫీసు కూడా కొన్ని నిమిషాలకోసారి 'ఎలా ఉన్నావు?' అని అడుగుతూనే ఉంటుంది. రెండు మూడుసార్లు బదులు రాలేదంటే ఆ మౌనమే వార్త.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనిదంతా మా మరదలికి నా భాషలో వర్ణించి చెబుతున్నాను. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. పెరుగు వడ్డిస్తూ అంది, "వదినా, అత్తయ్యగారికి ఎప్పుడైనా బరువు పెట్టి చూశామా?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అమ్మ తెనాలిలో ఒంటరిగా ఉంటుంది. డెబ్భయ్యయిదు దాటాయి. హైదరాబాదులో నా దగ్గరకి రమ్మంటే రాదు, ఇక్కడికి రమ్మంటే అసలే రాదు. నేను నెలకోసారి వెళ్ళి వస్తూనే ఉంటాను. ఫోను రోజూ తప్పదు, అక్కడ పొద్దున్న ఎనిమిది గంటలకి. ఆ సమయం అమ్మ పెట్టిందే. అప్పుడు పనిమనిషి అంట్లు తోముతూ ఉంటుంది, పక్కింటి పిన్నిగారు కాఫీకి వచ్చి కూచుంటారు, రేడియోలో పాటలు. "నాకేమే, మహారాణిలా ఉన్నాను. మీరంతా బాగున్నారా?" అంటుంది, గొంతు కంచుగంట. నిక్షేపంలా ఛార్జరు మీద ఉన్న బ్యాటరీ!

శనివారం మా మరదలు వేళ మార్చింది. ఇక్కడ పొద్దున్న పది గంటలు, అక్కడ రాత్రి ఏడున్నర. పనిమనిషి ఉండదు, పిన్నిగారు ఉండరు. "అత్తయ్యగారూ, ఇక్కడ మామిడికాయలు దొరికాయి. మీ నోటుపుస్తకంలో ఆవకాయ కొలతలున్నాయిగా, చదివి చెబుతారా, రాసుకుంటాను" అంది, ఎంతో అమాయకంగా.

అమ్మ తడుముకోకుండా గడగడా చెప్పేసింది. ఆవపిండి ఇంత, కారం ఇంత, ఉప్పు ఇంత, మెంతులు ఇన్ని. తమ్ముడు నావైపు చూసి "పరీక్ష పాసయింది" అని నవ్వాడు. మరదలు నవ్వలేదు. పుస్తకం తీసిన చప్పుడే లేదు, కాగితం తిప్పిన చప్పుడూ లేదు. అమ్మకి అది కంఠతా వచ్చు!

"ఇంకో మాట అత్తయ్యగారూ. ఈ నెల కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూసి చెబుతారా? మీ అబ్బాయి ఇక్కణ్ణుంచే కడతారట."

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, "బిల్లుకేం తొందర! రేపు పనిమనిషి కూతురొస్తుందిగా, దానిచేత చదివిస్తాలే" అంది అమ్మ.

ఇంక నేను అందుకున్నాను. రాత్రి ఏం వండుకున్నావమ్మా? అటుకులు, మజ్జిగ. నిన్న? అటుకులే. ఎన్నాళ్ళబట్టి? సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ. ఎందుకు? ఎందుకేమిటే, ఆకలుండదు. ఒక్కొక్కటే, విడివిడిగా అడిగితే, చివరికి తేలిందేమిటంటే కుడికన్ను మంచు పట్టినట్టు మసకబారింది. దీపాల వేళయితే గడపలు కనపడవు. స్టవ్వు వెలిగిందీ లేనిదీ మంట చూసి కాదు, దగ్గరగా చెయ్యి పెట్టి, సెగ తగిలితే తెలుసుకుంటోంది. నేను వెళ్ళినప్పుడల్లా వంట నేనే చేసేదాన్ని, ఆవిడ గుమ్మంలో కూచుని కబుర్లు చెప్పేది. ఎవరికి తెలుస్తుంది?

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అని తమ్ముడు గొంతు పెంచాడు.

"ఏం చెప్పమంటావురా? మసక ఒక్క కన్నుకేగా, రెండోది ఉందిగా!" అంది మా అమ్మ.

అచ్చం అమ్మమ్మ కూతురు!

మర్నాడే మా బాబాయి కొడుకు గుంటూరు తీసుకెళ్ళి చూపించాడు. శుక్లాలు. రెండో కన్ను కూడా మొదలైందిట. నేను తిరిగి వచ్చాక జూన్‌లో ఒక కంటికీ, ఆగస్టులో రెండో కంటికీ ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు అమ్మ గోడమీది కాలెండరులో తిథులు మంచం మీంచే చదువుతుంది. ఫోను వేళలు మాత్రం మేం మార్చేశాం. తమ్ముడు ఒక వేళకి, నేనొక వేళకి, మరదలు తన డ్యూటీని బట్టి. "బాగున్నావా?" అని ఎవరూ అడగడం లేదు. ఆ ప్రశ్నకి మా వంశంలో ఒకటే జవాబు. దానికి బదులు, "ఇవాళ ఎన్ని మెట్లెక్కావు? పేపర్లో ఏం రాశాడు? గ్యాసు బండ ఎవరు మార్చారు?" అని అడుగుతున్నాం. అలాగని గంటకోసారి కాదు. అప్పుడు ఆవిడ విసుక్కుని ఫోనే ఎత్తదు.

మీ ఇంట్లో మూడో బ్యాటరీ ఎవరో నాకు తెలియదు. పెద్దవాళ్ళే కానక్కర్లేదు. పరీక్షల ఏడాది పిల్లాడు కావచ్చు, ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఆడపడుచు కావచ్చు, అందరికీ వడ్డించి ఆఖర్న తినే మీరే కావచ్చు. మొత్తం లెక్క సరిపోతోంది కదా అని ఆగిపోకుండా, ఒక్కొక్కరినీ విడిగా, సందడి లేని వేళ చూసి పలకరించండి. మా మరదలు ఆ రోజు అందరి సంగతీ తేల్చి డ్యూటీకి వెళ్ళబోతుంటే తమ్ముడు కారు తాళాలు తీసుకుని, "నువ్వెలా ఉన్నావు? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "పట్టలేదు" అంది. ఆవేళ వాడే కారు నడిపి దింపి వచ్చాడు.

అమ్మ అనుమతి తీసుకునే ఇదంతా రాశాను. ఒక్క షరతు పెట్టింది, ఆవకాయ సంగతి కూడా రాయాలని. ఆపరేషనయ్యాక కొత్త చూపుతో ఆవిడ మొదట తెరిచింది ఆ నోటుపుస్తకమేనట. చూస్తే, ఆ రోజు కంఠతా చెప్పిన కొలతల్లో మెంతులు ఒక గిద్దెడు ఎక్కువ చెప్పింది! వెంటనే అమెరికాకి ఫోన్ చేసి, అక్కడ అర్ధరాత్రి అన్న మాటే మరిచి, "అమ్మాయ్! నీ జాడీ చేదెక్కిందేమో చూసుకో" అంది.